గీత ఎక్కడ గీయాలి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాకు పది నిమిషాలే ఇచ్చారు. అమెరికా ఎన్.బి.ఎ.లో ఒక క్వార్టరు 12 నిమిషాలు, అంతర్జాతీయ ఆటలో 10. మన కార్యదర్శిగారు ఫిబా పక్షమని అర్థమైంది.

నేను 1983లో పదో తరగతి పాసయ్యాను. అప్పుడు మనది మట్టి కోర్టు, సున్నం గీతలు. బోర్డు ముందు గీత పైన ఇరుకుగా, కింద వెడల్పుగా ఉండేది. పరికిణీ గీత అనేవాళ్లం. త్రీ పాయింట్ గీత మాకు తెలియదు. అంతర్జాతీయ ఆటలోకి అది 1984లో వచ్చింది, 6.25 మీటర్ల దూరంలో. అమెరికాలో ఎన్.బి.ఎ. 1979లోనే గీసేసింది. అంటే ఎంత దూరం నుంచి వేసినా నాకు దక్కింది రెండే పాయింట్లు. ఆ బాధ ఇంకా ఉంది.

అమెరికా వెళ్లాక టీవీలో ఎన్.బి.ఎ. ఆట చూసి తెల్లబోయాను. మన పి.ఇ.టి. మాస్టారు మాకు మొదట నేర్పింది జోన్: ముందు ఇద్దరు, వెనక ముగ్గురు, మనిషిని కాదు, చోటును కాయండిరా అనేవారు. అక్కడ 2001 దాకా జోన్ కాయడమే తప్పు! ఇప్పుడు అనుమతి ఉంది కానీ, ఎవరినీ దగ్గరగా కాయకుండా బోర్డు ముందు గీతల లోపల మూడు సెకన్లకు మించి నిలబడితే విజిలు. ఫిబాలో ఆ నిబంధన లేదు. పొడుగాటివాణ్ణి బుట్ట కింద కాపలా పెట్టవచ్చు. అందుకే ఎన్.బి.ఎ.లో ఒక్కడు బంతి పట్టుకుని దూసుకుపోవడానికి దారి ఉంటుంది. అంతర్జాతీయ ఆటలో ఆ దారి మూసుకుపోతుంది, పాసులు, దూరపు షాట్లు తప్పవు.

ఇది మాటలు కాదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ప్యూర్టోరికో బుట్ట చుట్టూ జోన్ కట్టి అమెరికాను 92-73తో ఓడించింది. అమెరికావాళ్లు 24 త్రీ పాయింటర్లు వేస్తే పడ్డవి 3. ఆ ఏడాది స్వర్ణం అర్జెంటీనాది, అమెరికాకు కాంస్యం. మన మాస్టారు ఆ మ్యాచి చూసి ఉంటే ‘నేను చెప్పలా?’ అనేవారు.

ఇంకో తేడా నాకు మరీ ఇష్టం. బంతి రింగుకు తగిలి దాని మీదే దొర్లుతోందనుకోండి. ఫిబా ఆటలో ఎవరైనా ఎగిరి దాన్ని తోసేయవచ్చు, లోపలికి కొట్టవచ్చు. ఎన్.బి.ఎ.లో బంతి రింగుకు సరిగ్గా పైన ఉన్నంతసేపు చెయ్యి పెట్టకూడదు. చిన్నప్పటి నుంచి చెయ్యి వెనక్కి తీసుకోవడం అలవాటైనవాడు ప్రపంచ పోటీలో అర క్షణం ఆగుతాడు. ఆ అర క్షణంలో ఎదుటివాడు పని కానిచ్చేస్తాడు. మిగతావి అందరికీ తెలిసినవే: అక్కడ ఆరో ఫౌలుకు బయటికి, ఇక్కడ ఐదుకే. అక్కడ ఆటగాడే టైమవుట్ అడగవచ్చు, ఇక్కడ కోచ్ అడగాలి.

ఇక అసలు సంగతి. సంఘం తరఫున బడికి సిమెంటు కోర్టు కట్టిస్తున్నాం. గీతలు ఎన్.బి.ఎ. కొలతలతో ఉండాలని వాట్సాప్ గ్రూపులో మూడు వారాలుగా చర్చ. ఆ బొమ్మ మొదట పంపినవాణ్ణి నేనే, ఒప్పుకుంటున్నాను. 7.24 మీటర్ల గీత చూస్తే పిల్లలు మురిసిపోతారనుకున్నాను. మాస్టారికి ఫోన్ చేసి గొప్పగా చెప్పాను. ఆయన అంతా విని ఒకటే అడిగారు: ‘జిల్లా పోటీలకు వెళ్తే అక్కడ గీత ఎక్కడ ఉంటుందిరా?’

6.75 దగ్గర ఉంటుంది. మన దేశంలో ఆడేది ఫిబా నిబంధనలతోనే. 2010లో 6.25 నుంచి 6.75కి జరిపారు, పరికిణీ పోయి దీర్ఘచతురస్రం వచ్చింది. అర మీటరు దూరం నుంచి ఏడాదంతా చెయ్యి అలవాటు చేసుకున్న పిల్లవాడు పోటీ రోజున వేసే ప్రతి బంతీ రింగు దాటిపోతుంది. అప్పుడు వాడు తన చేతిని తిట్టుకుంటాడు, మన పెయింటును కాదు.

అమెరికా గీత అనే మాటకు కూడా ఒక్క అర్థం లేదు. హైస్కూలులో 19 అడుగుల 9 అంగుళాలు. కాలేజీ మగపిల్లల ఆటలో 2019 నుంచి గీసేది ఈ 6.75 గీతే. వాళ్లే మన గీతకు వస్తుంటే మనం ఎక్కడికి పోతాం? రెండూ గీద్దామన్న తమ్ముడికి నా మనవి: ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక్క గీత చాలు.

బుట్ట ఎత్తు మీద మాత్రం పేచీ లేదు. ఎక్కడైనా 10 అడుగులే, 3.05 మీటర్లు.

రేపు ఉదయం ఏడింటికి టేపుతో కోర్టు దగ్గర ఉంటాను. రింగు నడిమధ్యకు సరిగ్గా కింద నేల మీద చుక్క పెట్టి అక్కడి నుంచి కొలవాలి. చుక్క దగ్గర టేపు కొస పట్టుకోవడానికి ఒకరు కావాలి. మోకాళ్లు వంగేవాళ్లే రండి.