అజ్ఞాతవాసము



రాజకుమారుడు నారచీరలతో అడవిలో వసించుట భద్రాద్రి ప్రాంతీయులమగు మనకు క్రొత్త గాదు; పర్ణశాల మన చెంతనే యున్నది. మాంత్రికులు, రాక్షసులు, సాహస రాజపుత్రులు గల చందమామ ధారావాహికలు మన బాలురను ఆకర్షించుటలో వింత లేదు.

మారువేషమున నున్న రాకుమారుని కథాంతమున ప్రజలు గుర్తింతురు. కాని, 1954లో ‘తోకచుక్క’ మొదలుకొని అట్టి ధారావాహికలు పెక్కింటిని రచించిన దాసరి సుబ్రహ్మణ్యంగారి పేరు ఆ పుటలలో ముద్రింపబడలేదు. మూడు తరములు కథ నెరిగినవి, కథకు నెరుగవు. 2010లో వారు కీర్తిశేషులైరి.

గ్రంథాలయమునకు రజతోత్సవ మనగా పుస్తకములను లెక్కించుట మాత్రమే కాదు. ఆ కథల సంపుటములు మన బీరువాలో జేరినపుడు పట్టికలో రచయిత పేరు స్పష్టముగ వ్రాయుడు. పుస్తకమిచ్చుచు పిల్లలకు ఆ పేరు చెప్పుడు. ఇదియే నా విన్నపము.