అల్యూమినియం బోటా, ఫైబర్ బోటా? ఓయూలో ఒక తమ్ముడి డౌట్

ఈ ఎపిసోడ్ ఓయూ ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద మొదలైంది. అక్కడ ఒక స్టూడెంట్ కలిసి, "అన్నా, ఫోన్లు కంపేర్ చేస్తావు కదా, మా నాన్నకి ఒక బోటు కంపేర్ చేసి చెప్పవా?" అన్నాడు. వాళ్లది కాకినాడ జిల్లా, ఉప్పాడ వైపు. వేటకెళ్లే ఫైబర్ బోటు అడుగు అరిగిపోయింది. అప్పు చేసి కొత్తది కొనాలి. 2023 నవంబర్‌లో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు తగలబడ్డాయి కదా, ఆ వీడియోలు చూసినప్పటి నుంచి వీడి మనసు అల్యూమినియం మీదే ఉంది.

భయం తప్పేం కాదు. ఫైబర్ బోటు అంటే గాజు పీచు, దాన్ని పట్టి ఉంచే రెజిన్. గాజు కాలదు, రెజిన్ కాలుతుంది. అల్యూమినియం అలా అంటుకోదు, కానీ 660 డిగ్రీలకి కరిగిపోతుంది. పక్కపక్కనే కట్టిన బోట్లు, వాటిలో డీజిల్, గ్యాస్ సిలిండర్లు... ఆ మంటలో ఏదైనా మిగలడం కష్టమే.

అల్యూమినియంకి ప్లస్‌లు ఉన్నాయి. గట్టి దెబ్బకి ఫైబర్ పగులుతుంది, ఇది సొట్ట పడుతుంది. పాతబడితే తూకానికి అమ్మొచ్చు. పాత ఫైబర్‌ని ఎవడూ కొనడు. కానీ తమ్ముడు చూసిన అమెరికా వీడియోలన్నీ చెరువుల్లో, మంచినీళ్లలో తీసినవి. మనది ఉప్పునీరు. 5083 లాంటి మెరైన్ గ్రేడ్ రేకే కావాలి. ఉప్పునీళ్లలో రాగి, ఇత్తడి తగిలితే బ్యాటరీలో జరిగినట్టే అల్యూమినియం తినేసుకుపోతుంది. రాగి కలిసిన పెయింట్ కూడా వేయకూడదు.

ఇదంతా స్పీకర్ ఆన్ చేసి వాళ్ల నాన్నకి చెప్పాం. ఆయన అంతా విని, "సరే బాబూ, చిల్లు పడితే మా ఊళ్లో ఎవరు అతికిత్తారు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. స్పెక్స్ చదివే మనలాంటోళ్లకి ఈ ప్రశ్న తట్టదు.

అప్పటికప్పుడు తార్నాకలో నాకు తెలిసిన వెల్డింగ్ షాపుకి వెళ్లాం. అల్యూమినియంకి ఆర్గాన్ వెల్డింగ్ కావాలి. పైన ఉండే ఆక్సైడ్ పొర దాదాపు 2000 డిగ్రీలు దాటితే గానీ కరగదు, లోపలి మెటల్ 660కే కరుగుతుంది. అందుకే బాగా గీకి, శుభ్రం చేసి అతకాలి. సముద్రం ఒడ్డున చేయొచ్చా అని అడిగితే షాపాయన నవ్వాడు: "గాలికి గ్యాస్ కొట్టుకపోతది అన్నా, అతుకు మొత్తం బొక్కలు వస్తది."

అదే ఫైబర్ అయితే ఊళ్లోనే మ్యాట్, రెజిన్, హార్డెనర్ తెచ్చి, తడి లేకుండా ఆరబెట్టి అతికేస్తారు. ఇక్కడొక వార్నింగ్. హార్డెనర్‌ని, కోబాల్ట్‌ని నేరుగా కలపొద్దు, పేలుతుంది. ముందు కోబాల్ట్‌ని రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే హార్డెనర్ పోయాలి.

సో, ఉప్పాడ ఇసుక మీదకి నా ఓటు ఫైబర్‌కే. నాగార్జునసాగర్ లాంటి రిజర్వాయర్, దగ్గర్లో ఆర్గాన్ షాపు ఉంటే అల్యూమినియం అనేవాడిని. కాకపోతే రోజూ ఇసుకలో లాగే బోటు కాబట్టి అడుగున ఎక్స్‌ట్రా మ్యాట్ పొరలు వేయించాలి. ఎన్ని వేస్తారో అడ్వాన్స్ ఇచ్చే ముందే కాగితం మీద రాయించుకోవాలి. రంగు వేశాక పొరలు లెక్కపెట్టలేం.

వచ్చే వారం నాన్న, కొడుకు ఇద్దరూ యార్డుకి వెళ్తున్నారు. పొరలు వేసేటప్పుడు వీడియో తీసి పంపుతానన్నాడు తమ్ముడు. రాగానే పెడతా.