బోధనకు పనికొచ్చే ఫొటో: ఏం దిద్దాలి, ఏం ముట్టకూడదు



ఈ రోజు మనం ఫొటోలు దిద్దడం గురించి మాట్లాడుకుందాం. స్టేటస్‌లో పెట్టుకునే ఫొటోల గురించి కాదు. బడిలో పిల్లలు చూసి నేర్చుకునే ఫొటోల గురించి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. మన పిల్లల కోసం గోండిలో వాచకాలు తయారయ్యాయి. ఆ పనిని ముందుకు తీసుకెళ్లే సాధనం ఈ రోజు మన జేబులోనే ఉంది.

ఓజా కళాకారుల డోక్రా పనినే తీసుకుందాం. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు వస్తే చాలదు, పని నేర్చుకునేవాళ్లు కూడా ఉండాలి. మట్టితో లోపలి అచ్చు చేయడం, దాని మీద మైనపు తీగలు చుట్టడం, పైన మళ్లీ మట్టి పూయడం, కాల్చి మైనం కరిగించడం, ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోయడం, చల్లారాక మట్టి పగలగొట్టడం. ఆరు మెట్లు, ఆరు ఫొటోలు. ఒక చార్టు తయారవుతుంది.

దిద్దే ముందు అసలు ఫొటోకు నకలు తీసి పెట్టుకోవాలి. దిద్దుబాటంతా నకలు మీదే చేయాలి. ఫోన్‌లో అయితే స్నాప్‌సీడ్, కంప్యూటర్‌లో అయితే గింప్ చాలు. రెండూ ఉచితమే.

మొదట కత్తిరింపు. వెనకాల ఉన్న బైకు, బకెట్టు తీసేయవచ్చు. కళాకారుడి వేళ్లను మాత్రం కత్తిరించకూడదు. మైనపు తీగ ఎంత సన్నమో, దాన్ని ఎలా పట్టుకోవాలో చూపేది ఆ వేళ్లే. తర్వాత వెలుతురు. గుడిసె లోపల తీసిన ఫొటోలో నీడలను కొంచెం పెంచితే మట్టి మీద మైనం విడిగా కనిపిస్తుంది. ఆ తర్వాత రంగు. నీలం టార్పాలిన్ కింద తీస్తే అన్నీ నీలంగా వస్తాయి. తీసేటప్పుడే ఒక ఫొటోలో తెల్లకాగితం పెట్టుకుంటే, వైట్ బ్యాలెన్స్‌లో ఆ కాగితం తెల్లగా కనిపించేదాకా సరిచేయవచ్చు. అప్పుడు ఇత్తడి ఇత్తడిలాగే కనిపిస్తుంది. దాన్ని బంగారంలా మెరిపించకూడదు.

బాణం గుర్తు ఫొటోకు ఒకటి చాలు. అక్షరాలు వేరే లేయర్‌లో రాసి, గింప్ సొంత ఫైలుగా దాచుకుంటే అదే ఫొటోకు ఒకసారి తెలుగు, ఒకసారి గోండి, ఒకసారి కొలామి పేర్లు పెట్టుకోవచ్చు. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. దానికి ఉచిత ఫాంట్ కూడా ఉంది. ఏ4 కాగితం నిండా 300 డీపీఐలో అచ్చు వేయాలంటే 2480 × 3508 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో చిన్నదైపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

ఇవన్నీ రెండు రోజుల్లో వచ్చేస్తాయి. ఏం ముట్టకూడదో తెలుసుకోవడమే అసలు చదువు.

హీలింగ్ అనే పనిముట్టు మరకలను చెరిపేస్తుంది. పాత ఫొటో స్కాన్ చేసినప్పుడు పడిన దుమ్ముకు, గీతకు అది మంచిదే. కానీ గుస్సాడీ ఒంటి మీది బూడిద మరక కాదు. మన అవ్వల నుదుటి మీది, చేతుల మీది పచ్చబొట్లు మచ్చలు కావు. చాలా ఫోన్లలో బ్యూటీ మోడ్ మనం అడగకుండానే చర్మాన్ని నున్నగా చేసి, తెల్లబరిచి, ఆ గీతలను పలచబరుస్తుంది. తీసే ముందే దాన్ని ఆపేయండి. బోధించే ఫొటోలో మన మనిషి రంగు తెల్లబరిస్తే, చూసే పిల్లకు మనం ఏం నేర్పుతున్నట్టు? నీ రంగు దిద్దాల్సిన తప్పు అని కాదా?

పాత ఫొటోల విషయమూ అంతే. హైమెన్‌డార్ఫ్ 1940లలో మన గూడేల్లో తీసిన నలుపు తెలుపు ఫొటోలు లండన్‌లోని సోయాస్‌లో ఉన్నాయి. అలాంటి వాటికి ఇప్పుడు యాప్‌లు క్షణంలో రంగులు వేస్తాయి. ఆ చీర రంగు, ఆ పూసల రంగు యాప్ ఊహించినవే. చూసినవి కావు. రేపు మన పిల్లలు ఆ ఊహనే సంప్రదాయం అనుకుంటారు. నలుపు తెలుపుగానే ఉంచుదాం.

ఇంకొక్క మాట. ఫొటో తీసే ముందు అనుమతి అడగాలి. దేవుళ్ల దగ్గర పెద్దలు వద్దంటే ఫోన్ లోపల పెట్టేయాలి.

ఇక మీరు చేయాల్సిన పని. మీ గూడెంలో ఒక పని ఎంచుకోండి. బుట్ట అల్లడం కావచ్చు, ఇప్పపువ్వు ఎండబెట్టడం కావచ్చు, డప్పు బిగించడం కావచ్చు. ఆరు ఫొటోలు తీసి దిద్దండి. అచ్చుకు ఇచ్చే ముందు ఆ పని చేసిన మనిషి పక్కన కూర్చుని చూపించండి. "ఇది ఇలా ఉండదు బిడ్డా" అని ఆయన అంటే, మళ్లీ దిద్దండి. ఆయన సరే అన్నదే బడి గోడ మీదికి వెళ్లాలి.

జై సేవ.