లవణము పైకి నడచిన త్రోవ



టెక్సస్ రాష్ట్రమున బ్యూమాంట్ పట్టణమునకు దక్షిణమున, పది పదిహేను అడుగుల యెత్తునకు మించని స్పిండిల్‌టాప్ అను మిట్ట యుండెను. అచ్చట వాయువు బుడగలుగా వెలువడుచు, గంధకపు వాసన వచ్చుచుండుట చూచి పటిల్లో హిగిన్స్ అను స్థానికుడు చమురు కలదని నమ్మియుండగా, నిపుణులు లేదని తేల్చి వెడలిపోయిరి. లూసియానా ఉప్పు గనులలో పనిచేసి లవణప్రవృత్తి నెరిగిన ఆంథొనీ లూకస్ మాత్రము, ఆ మిట్ట క్రింద ఉప్పు లేచియున్నదనియు, చమురు దాని నాశ్రయించి యుండవచ్చుననియు ఊహించి తవ్వకమునకు పూనుకొనెను.

ఆ ఊహకు మూలమైన ప్రకృతివ్యాపారము మిక్కిలి గంభీరమైనది. జురాసిక్ యుగమున, నేటి మెక్సికో సింధుశాఖ రూపుదాల్చుచున్న కాలమున, సముద్రజలము ఆవిరియై దట్టమైన ఉప్పు పొర మిగిలెను. దానిపై నదులు తెచ్చిన ఇసుకయు బురదయు కోట్ల సంవత్సరములు పేరుకొనెను. అవక్షేపములు లోతునకు పోయిన కొలది బిగిసి బరువెక్కును గాని, ఉప్పు ఘనపు సెంటీమీటరునకు సుమారు 2.2 గ్రాముల సాంద్రతతోనే నిలుచును. అంతియేగాక, దీర్ఘకాలపీడనమునకు లోబడి ప్రవహించును. కావున పైబరువు ఒకచోట హెచ్చుగను వేరొకచోట తక్కువగను పడినప్పుడు, అదిమిన పిండి వ్రేళ్ళ సందుల నుండి వెలికి వచ్చునట్లు, బరువు తగ్గిన దెసకు జరిగి, స్తంభములై, గుమ్మటములై పైకి లేచును. లేచుచు పై పొరలను వంచును, ప్రక్క పొరలను ఎత్తి తెగగొట్టును. ఇసుకరాతి రంధ్రముల గుండ ఎగబ్రాకు చమురు ఉప్పుగోడను తాకి, చొచ్చిపోజాలక నిలిచిపోవును. గుమ్మటపు శిరస్సున ఉప్పును భూజలము కరగించుకొనిపోగా, మిగిలిన అన్‌హైడ్రైట్ అను ఖనిజము నుండి క్రమముగా ఏర్పడిన రంధ్రమయమైన సున్నపురాయియే స్పిండిల్‌టాప్‌న చమురునకు తావైనది. ఉప్పు చమురును పుట్టించునది కాదు, పోనీయక నిలుపునది మాత్రమే. ఈ భేదమును మరువరాదు.

1901 జనవరి 10వ తేదీన, లూకస్ బావిలో వెయ్యి అడుగులకు పైబడిన లోతు నుండి ఎగజిమ్మిన చమురు తొమ్మిది దినములు అదుపునకు రాలేదు. దినమునకు లక్ష పీపాల వరకు వెలువడినదని నాటివారి అంచనా.

అయినను నాకు ఆ విజయము కన్న లూకస్ తొలుత తవ్విన బావియే ఎక్కువ గౌరవార్హముగ తోచును. అది 575 అడుగుల కడ చెడిపోయెను. కాని అందు కనిపించిన కొద్దిపాటి చమురు జాడను చూపియే అతడు రెండవ బావికి పెట్టుబడి సంపాదించెను. లవణక్షేత్రములలో చమురు పడని బావియు సాక్ష్యమే: ఉప్పును తాకిన బోరు, ఆ గోడ ఎచ్చట నిలిచినదో, ఎటు వాలినదో తెలుపును. భూగర్భశాస్త్ర స్నాతకులారా, రేపు మీరు క్షేత్రములకు వెడలినప్పుడు, చమురు పడని బోరుల వృత్తాంతమును గూడ, ఏ లోతున ఏ రాయి తగిలినదో తప్పక వ్రాసి భద్రపరుపుడని మిమ్ము వేడుచున్నాను.