ఉడికిన కాలీఫ్లవర్‌లో మిగిలేదెంత?



పూర్వం తగడూరుగా పేరొందిన ఈ ధర్మపురిని ఏలిన అధియమాన్ నెడుమాన్ అంజి, తనకు దొరికిన అరుదైన ఉసిరికాయను తాను తినక కవయిత్రి ఔవైయారుకు సమర్పించిన కథ ఇక్కడి బడులలో చదువుకున్న మన పిల్లలందరికీ తెలుసు. అది ఆయుస్సును పెంచే ఫలమని ఆ రాజు నమ్మకం. ఉసిరికాయను గురించి మాట్లాడమంటే నా పని సులువయ్యేది. నిర్వాహకులు నన్ను కాలీఫ్లవర్ గురించి, అందులోనూ వండిన కాలీఫ్లవర్ గురించి మాట్లాడమన్నారు. మొదట కొంత ఆశ్చర్యపోయాను. ఆలోచించిన కొద్దీ ఇది అడగవలసిన ప్రశ్నే అనిపించింది. మనం చూసే పోషకాల పట్టికలలో ఎక్కువ భాగం పచ్చికూరను తూచి చెప్పేవి. మన కంచంలోకి వచ్చేది ఉడికిన కూర. ఈ రెండింటి నడుమ పొయ్యి మీద ఏమి జరుగుతున్నదో మనం అంతగా పట్టించుకోము.

ఇది మన నేలలో పుట్టిన కూర కాదు. 1822లో ఆంగ్లేయులు ఉత్తరాదిన సహారన్‌పూర్‌లోని కంపెనీ తోటలో దీనిని మొదట నాటించారని ఉద్యానశాస్త్ర గ్రంథాలు చెబుతున్నాయి. చల్లదనం కోరే పంట గనుక మన ప్రాంతంలో హోసూరు, తళి వైపు మెట్టలలో బాగా కుదురుకొన్నది. అయితే మన ముత్తవ్వల వంటలో దీనికి చోటు లేదు. వంకాయను ఎలా వండాలో, గోంగూరను ఎంతసేపు మగ్గించాలో మనకు తరతరాలుగా అందివచ్చింది. కాలీఫ్లవర్ విషయంలో అటువంటి పాఠమేదీ లేదు. పురుగుల భయంతో ఎవరికి తోచినట్టు వారు వండుకుంటున్నారు. ముక్కలు చిన్నగా తరిగి, ఉప్పు, పసుపు వేసిన నీటిలో బాగా ఉడికించి, ఆ నీటిని పారబోసి, మళ్లీ కొత్తగా తాలింపు వేసి వేయించడం చాలా ఇళ్లలో చూస్తాము. అంటే ఒక కూరకు రెండు వంటలు.

ఇప్పుడు అంకెలు చూద్దాం. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి కాలీఫ్లవర్‌లో 92 గ్రాములు నీరే. శక్తి 25 కిలోకేలరీలు, మాంసకృత్తులు సుమారు 2 గ్రాములు, పీచు 2 గ్రాములు. సి విటమిన్ 48 మిల్లీగ్రాములు, ఫోలేట్ 57 మైక్రోగ్రాములు, పొటాషియం 299 మిల్లీగ్రాములు. అదే పువ్వును ఉడికించి నీరు వంచివేసిన తరువాత 100 గ్రాములు తూస్తే సి విటమిన్ 44 మిల్లీగ్రాములు, ఫోలేట్ 44 మైక్రోగ్రాములు, పొటాషియం 142 మిల్లీగ్రాములు. పీచు, మాంసకృత్తులు దాదాపు అలాగే ఉంటాయి. పొటాషియం సగానికి పైగా పోయింది, ఫోలేట్‌లో దాదాపు నాలుగో వంతు పోయింది. వేడికి ఇట్టే నశిస్తుందని మనం భయపడే సి విటమిన్ మాత్రం చాలావరకు నిలిచింది. ఇది కొద్దిసేపు ఉడికించినప్పటి లెక్క. నీరు ఎక్కువపోసి అరగంటసేపు మరిగిస్తే ఆ విటమిన్ కూడా మిగలదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో నీలగిరులలోని కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదుకు తరలివెళ్లింది. మనం అటునుంచి ఇటు వచ్చాము, అది ఇటునుంచి అటు వెళ్లింది. ఆ సంస్థ ఆధ్వర్యంలో 2020లో వెలువడిన సిఫారసుల ప్రకారం రోజుకు స్త్రీకి 65, పురుషుడికి 80 మిల్లీగ్రాముల సి విటమిన్ కావాలి. సరిగా వండితే ఒక పెద్ద గిన్నెడు, అంటే 150 గ్రాముల కాలీఫ్లవర్ కూర, స్త్రీకి ఆ రోజు అవసరాన్ని తీర్చగలదు. ఉసిరికాయకు ఇది సాటి రాదు, నిజమే. కాని ఉసిరికాయను రోజూ గిన్నెడు తినేవారు ఎవరున్నారు?

పోయినదంతా ఎక్కడికి పోయింది? పొటాషియం వేడికి నశించే వస్తువు కాదు. అది నీటిలోకి దిగింది, ఆ నీటితోపాటు తూములోకి వెళ్లింది. ఫోలేట్‌లోనూ కొంత అదే దారి పట్టింది. కాబట్టి పురుగుల కోసం పువ్వును ఉడికించనక్కరలేదు. పెద్ద రెమ్మలుగా విడదీసి, ఉప్పు, పసుపు కలిపిన గోరువెచ్చని నీటిలో పది నిమిషాలు ఉంచి, రెండుసార్లు కడిగి, ఆ తరువాతనే చిన్న ముక్కలుగా తరగాలి. మూత పెట్టి, నీరు చిలకరించి, ముక్క మెత్తబడగానే దించివేయాలి. మూత్రపిండాల వ్యాధి ఉండి, పొటాషియం తగ్గించమని వైద్యులు చెప్పినవారికి మాత్రం ఈ మాట వర్తించదు. వారు ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీటిని పారబోయడమే మంచిది. ఇతరులకు నష్టమైనదే వారికి లాభం.

ఫోలేట్ పేరు వచ్చినప్పుడు ఒక తెలుగువాడిని తలచుకోకుండా ముందుకు వెళ్లలేను. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆయన సోదరులను బలిగొన్నది స్ప్రూ అనే పేగుల వ్యాధి. ఆ వ్యాధికి చికిత్సలో ఈ ఆమ్లం ముఖ్యమైనదయింది. గర్భిణికి రోజుకు 570 మైక్రోగ్రాముల ఫోలేట్ అవసరం. 100 గ్రాముల ఉడికిన కాలీఫ్లవర్ ఇచ్చేది 44. కూర తింటున్నాను గదా అని ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఐరన్ ఫోలిక్ మాత్రను మానవద్దు. కూర కూరే, మాత్ర మాత్రే.

ఆవాలు, ముల్లంగి, క్యాబేజీ, కాలీఫ్లవర్ ఒకే కుటుంబానికి చెందినవి. వీటి కణాలలో ఘాటుకు మూలమైన గంధక పదార్థం ఒకచోట, దానిని విడగొట్టే ఎంజైము మరొకచోట ఉంటాయి. తరిగినప్పుడు రెండూ కలిసి సల్ఫోరాఫేన్ వంటి పదార్థాలు ఏర్పడతాయి. ఇవి శరీరంలోని రక్షణ వ్యవస్థలను చురుకుపరుస్తాయని పరిశోధకులు చెబుతున్నారు; ఏదో రోగాన్ని నయం చేస్తాయని ఎవరైనా అంటే నమ్మనక్కరలేదు. వేడి ఆ ఎంజైమును చంపుతుంది. 2013లో ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, ఉడికిన బ్రకోలీకి పచ్చి ఆవపొడి కలిపితే ఆ పదార్థం తిరిగి ఎక్కువగా ఏర్పడుతున్నదని చూపారు. ఆవపొడిలోని ఎంజైము లోటును పూరిస్తున్నదన్నమాట. కాలీఫ్లవర్‌లో ఆ మూలపదార్థం బ్రకోలీలో కంటే తక్కువే అయినా పద్ధతి ఒకటే. ఇది చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. పనసపొట్టుకూ, కంద బచ్చలికీ ఆవపెట్టడం మనకు కొత్తా? నానిన ఆవాలు, ఎండుమిరపకాయ నూరి, కూర దించిన తరువాత కలపడమే గదా! తాలింపులో చిటపటలాడిన ఆవాలకు ఈ శక్తి ఉండదు. కాలీఫ్లవర్‌కు ఆవపెట్టి చూడండి. ఆవ ఎక్కువైతే చేదెక్కుతుంది, జాగ్రత్త.

ఇక మనం పారవేసే రెండవ వస్తువు, ఆకు. పువ్వులో సున్నం, ఇనుము స్వల్పం. ఆకులో రెండూ ఎన్నో రెట్లు ఎక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తమిళనాడులో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 53.4 శాతం మందికి రక్తహీనత ఉన్నది. అటువంటి చోట కాలీఫ్లవర్ కొని, అంగడివాడి చేతనే ఆకు తీయించి, మేక ముందు వేయించి ఇంటికి వస్తున్నాము. లేత ఆకును సన్నగా తరిగి కందిపప్పులో వేస్తే పాలకూర పప్పుకు తీసిపోదు. ముదురు ఈనెలను మాత్రం తీసివేయాలి. ఈ జిల్లా రాగులకు పేరు పొందినది. రాగిలో సున్నం సమృద్ధిగా ఉన్నది, ఇనుము కూడా ఉన్నది. అయితే ధాన్యంలోని ఇనుమును మన పేగులు అంత సులువుగా గ్రహించలేవు. అదే భోజనంలో సి విటమిన్ ఉంటే గ్రహణం మెరుగవుతుంది. రాగిసంగటి పక్కన కాలీఫ్లవర్ కూర, పైన నాలుగు చుక్కల నిమ్మరసం ఉంటే పనికివస్తాయి. భోజనం ముగియగానే టీ తాగితే ఈ ప్రయోజనంలో చాలా భాగం పోతుంది.

ఉడికిన నీటిని పారబోయవద్దని ఇంతసేపు చెప్పాను. దానికి ఈ ఊరిలో ఒక షరతు ఉన్నది. ధర్మపురి ప్రాంతపు భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. తెలుగువారికి ఈ బాధ కొత్త కాదు; దేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లో మొదట వర్ణించినది నాటి నెల్లూరు జిల్లా పల్లెలలోనే, ఆ తరువాత నల్లగొండ కథ అందరికీ తెలిసినదే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. దీని కోసమే జపాన్ ఆర్థిక సహాయంతో హొగేనక్కల్ తాగునీటి పథకం వచ్చి, 2013లో ప్రారంభమైనది. కాని చాలా ఇళ్లలో కావేరి నీరు తాగడానికి మాత్రమే బిందెలో దాచి, వంటకు బోరునీరు వాడుతున్నారు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది. అన్నమూ, పప్పూ, కూరా దానిని పీల్చుకుంటాయి. బిడ్డల పళ్లపై గోధుమరంగు మచ్చలు కనబడినప్పుడు తాగేనీటినే అనుమానిస్తాము, పప్పు ఉడికిన నీటిని అనుమానించము. కావేరి నీటిలో ఒక బిందె వంటకు కేటాయించండి. ఇంటి బోరునీటిని ఒకసారి పరీక్ష చేయించండి.

సాయంత్రం బండి మీద అమ్మే ఎర్రని గోబీని గురించి పిల్లలు అడుగుతారు. పిండిలో ముంచి, కాగిన నూనెలో వేయించిన తరువాత అది కాలీఫ్లవర్ లెక్కలోకి రాదు, నూనె లెక్కలోకి వస్తుంది. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను నిషేధించింది; అంతకు ముందు నెలలోనే తమిళనాడు రంగుల పీచుమిఠాయిని ఆపించింది. రెండుచోట్లా పట్టుబడినది బట్టలకు వేసే రోడమిన్-బి అనే రంగు. ఇంట్లో కాశ్మీరీ మిరపపొడితో చేసిపెడితే పిల్లలు కాదనరు.

థైరాయిడ్ ఉన్నవారు ఈ కూర ముట్టరాదన్న భయం ఎక్కువగా వినబడుతుంది. ఉడికించినప్పుడు ఆ దోషం చాలావరకు తగ్గుతుంది; అయోడిన్ ఉప్పు వాడుతూ మితంగా తింటే భయపడవలసిన పని లేదు. కడుపు ఉబ్బరించేవారు కొద్దిగా తిని చూసుకోవాలి, ఇంగువ వేసుకోవచ్చు.

వేదిక పక్కన బల్లమీద రెండు గిన్నెలు పెట్టాము. ఒకదానిలో ఆవపెట్టిన కాలీఫ్లవర్ కూర, రెండవదానిలో ఆకు పప్పు. ముందు రుచి చూడండి, తరువాత మీ ప్రశ్నలకు వస్తాను.