పిల్లల కోపానికి అసలు పేరు ఏమిటి?

(హోసూరులో జరిగిన ఉపకార వేతనాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

చదువు గురించి మాట్లాడమన్నారు. మార్కుల సంగతి మీకు అందరూ చెబుతూనే ఉంటారు కనుక నేను పిల్లల కోపం గురించి, ఏడుపు గురించి నాలుగు మాటలు చెబుతాను.

పిల్లవాడు పుస్తకం విసిరికొడతాడు. "ఎందుకురా అంత కోపం?" అని కేకలేస్తాం. అది కోపం కాకపోవచ్చు. ఆటలో ఓడిన ఉక్రోషం కావచ్చు. అందరిలో టీచరు తిట్టిందని చిన్నబుచ్చుకొని ఉండవచ్చు. తమ్ముణ్ణి ఎత్తుకొని తనను పట్టించుకోలేదన్న అలక కావచ్చు. దేని మందు దానిదే. అలిగినవాణ్ణి బుజ్జగిస్తే సరిపోతుంది. ఉక్రోషంలో ఉన్నవాణ్ణి బుజ్జగిస్తే ఇంకా రెచ్చిపోతాడు, వాణ్ణి కాసేపు వదిలేయాలి. హితబోధ ఏదైనా ఉంటే అన్నం తిన్నాక చూసుకోవచ్చు.

పేరు పెట్టినంత మాత్రాన ఏమవుతుందని అడగవచ్చు. 2007లో అమెరికాలో మాథ్యూ లీబర్‌మన్ బృందం పెద్దవాళ్లకు కోపం, భయం నిండిన ముఖాల బొమ్మలు చూపి, మెదడును స్కానింగు చేసింది. ఆ భావానికి మాటతో పేరు పెట్టినప్పుడు, ఉద్రేకాలతో ముడిపడిన అమిగ్డలా అనే భాగంలో చురుకు తగ్గింది. మన అవ్వలు ఏ స్కానింగూ లేకుండానే "బెంగ పెట్టుకున్నావా నాయనా" అని అడిగేవారు.

మన ఇబ్బంది ఇక్కడే ఉంది. తమిళనాడులో 2006 చట్టంతో ఒకటో తరగతి నుంచి దశలవారీగా తమిళం తప్పనిసరి అయింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవలసిందే, దానితో పేచీ లేదు. కానీ ఇంట్లో తెలుగు "తిను, చదువు, పడుకో" దగ్గర ఆగిపోయింది. ఏమైందంటే పిల్లలు "మూడ్ లేదు" అంటారు. బెంగ, దిగులు, బిడియం, రోషం అన్నీ ఆ ఒక్క మాటలోనే!

నేను ముప్పై ఏళ్లు బడిలో పనిచేశాను. ఆరో తరగతి అమ్మాయి ఒకతె ప్రతి సోమవారం కడుపునొప్పి అని ఏడ్చేది. డాక్టరు ఏమీ లేదన్నారు. ఒకరోజు తెలుగులో, "బెంగగా ఉందా తల్లీ?" అని అడిగాను. తల ఊపింది. వాళ్ల నాన్న లారీ డ్రైవరు, సోమవారం తెల్లవారుజామున బండెక్కి వెళ్లిపోతాడు. ఆ సాయంత్రం నుంచి ఆయన దారిలో ఆగి ఫోను చేయడం మొదలుపెట్టాడు. నొప్పి వెంటనే పోలేదు, నెల పట్టింది.

తండ్రులకు ఒక మాట. మీరు కోపంలో రిమోటు విసిరికొడితే పిల్లలు అదే నేర్చుకుంటారు. "నాకు ఇప్పుడు చిరాకుగా ఉంది, పది నిమిషాలు ఆగి మాట్లాడతాను" అని పైకే చెప్పండి.

ప్లస్ టూ ఫలితాల రోజు చుట్టాల ఫోన్లు ముందు మీరు ఎత్తండి, పిల్లలకు ఇవ్వకండి. పిల్లలు రోజుల తరబడి ముభావంగా ఉన్నా, బతకడం దండగ అన్నా ఆలస్యం చేయకండి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఇప్పుడే రాసుకోండి, నేను మళ్లీ చెబుతాను: 14416.

సెలవు.