ఇంటి భాషలో రక్షణ పాఠం
(వజ్రోత్సవానంతర ప్లాటినం జూబిలీ సభా ప్రసంగ పాఠం)



1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలో చేరింది. పటంలో గీత మారింది గాని ఇండ్లలో మాట మారలేదు. నేటికీ తిరుత్తణి, పళ్లిపట్టు, తిరువళ్లూరు ప్రాంతాలలో ఎందరో బాలలు ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతూ పెరుగుతున్నారు. రెండు భాషలు కలిగియుండుట సంపదే. అయితే ఆపద వచ్చినప్పుడు ఏ భాషలో గ్రహించాలి, ఏ భాషలో పిలవాలి అన్నది ప్రాణసంబంధమైన ప్రశ్న.

విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్ కంచెపై ‘అపాయం’ అని తమిళ లిపిలో వ్రాసి ఉంటుంది. ఆ మాట తెలుగు బిడ్డకు పుట్టుకతో తెలిసినదే. తెలియనిది లిపి మాత్రమే. ‘ఎచ్చరిక్కై’ అన్నది ‘హెచ్చరిక’కు తోబుట్టువే. 2006 నాటి చట్టం ననుసరించి తమిళం ఒకటవ తరగతి నుండి క్రమక్రమంగా నిర్బంధ పాఠ్యాంశమైంది. కానీ అక్షరాలు పూర్తిగా రాకమునుపే బిడ్డ వీధిలోకి వస్తాడు. కనుక అయిదారేండ్ల వయస్సులోనే ఇటువంటి నాలుగైదు పదాలను రెండు లిపులలోను చూపించుట తల్లిదండ్రుల తొలి కర్తవ్యం.

ఇంటిలో అపాయానికి మొదటి చోటు వంటగది. గ్యాస్ వాసన వచ్చినచో స్విచ్చి వేయరాదు, ఆర్పరాదు. తలుపులు తెరచి బయటకు పోయి పెద్దలను పిలవవలెను. బట్టలకు నిప్పంటుకొన్నచో పరుగెత్తరాదు. నేలపై పడుకొని దొర్లవలెను. కాలినచోట సిరా, టూత్‌పేస్టు పూయక చల్లని నీటి ధార క్రింద 20 నిమిషాలు ఉంచవలెను. పురుగుమందును త్రాగే సీసాలలో పోసి దాచరాదు. గడ్డివామి దగ్గర పాము కాటు వేసినచో కోయుట, బిగించి కట్టుట, మంత్రము కొరకు వేచియుండుట తగదు. కాటు పడిన అవయవాన్ని కదలనీయక ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చవలెను.

ఊరిలో అపాయం జనసమ్మర్దంతో వస్తుంది. ఆడి కృత్తికనాడు తిరుత్తణి కొండకు కావడులు వచ్చేవేళ, అమావాస్యనాడు తిరువళ్లూరు వీరరాఘవస్వామి కోనేటి గట్టున, చేయి జారిన బిడ్డ నిమిషంలో కనుమరుగవుతాడు. తండ్రి పేరు, ఊరు, ఫోను సంఖ్య రెండు భాషలలో వ్రాసిన చీటీ జేబులో ఉండవలెను. బిడ్డ వాటిని తమిళంలో తడుముకొనకుండా చెప్పగలగవలెను. తప్పిపోయినచో వెదకుచు తిరుగక నిలిచిన చోటనే నిలిచి, పోలీసునో, బిడ్డలతోనున్న తల్లినో అడగవలెనని ముందుగా నేర్పవలెను.

బడిలోని ప్రమాదానికి కుంభకోణం చెరగని సాక్ష్యం. 2004 జూలై 16న అక్కడి పాఠశాల వంటశాల నుండి పూరికప్పుకు అంటుకొన్న నిప్పు 94 మంది పసివారిని బలిగొన్నది. 2009లో సుప్రీంకోర్టు, విద్యాహక్కులో సురక్షితమైన బడిలో చదువుకొనే హక్కు ఇమిడి ఉన్నదని తీర్పు చెప్పింది. కాని తీర్పు ఒక్కటే మెట్లదారిని ఖాళీగా ఉంచదు. ప్రతి తరగతి బయటకు పోయే దారిని బిడ్డలు నడచి తెలుసుకొనవలెను.

ఇక చెప్పుటకు పెద్దలు సంకోచించే అపాయం ఒకటి ఉన్నది. బాలలపై లైంగిక దౌర్జన్యం జరిగిన అత్యధిక సందర్భాలలో నేరస్థుడు వారికి పరిచితుడే. ‘పెద్దలు చెప్పినది వినవలెను’ అన్న సుభాషితమే అక్కడ బిడ్డ నోరు కట్టివేస్తుంది. కాబట్టి ఆ నీతికి ఒక మినహాయింపు కూడా నేర్పవలెను: శరీరం విషయంలో, దాచమన్న రహస్యం విషయంలో, మామయ్యకైనా, మాష్టారికైనా ‘వద్దు’ అనవచ్చును, వెంటనే ఇంట చెప్పవలెను. చెప్పిన బిడ్డను కసరరాదు, సందేహించరాదు.

2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఇట్టి నేరం తెలిసిన వారు తెలియజేయక ఊరకుండుట నేరం. ఆ చట్టంలోని 19వ విభాగం మరొక సంగతి చెబుతున్నది: వ్రాసుకొనే భాష బిడ్డకు అర్థం కానప్పుడు అనువాదకుని సమకూర్చవలెను. అంటే తిరుత్తణి బిడ్డ తన బాధను తెలుగులోనే చెప్పుకొనవచ్చును. ఈ సంగతి ప్రతి తెలుగు ఇంటికి తెలిసియుండవలెను. 1098 బాలల సహాయ సంఖ్య; 112 అత్యవసర సంఖ్య; 108 అంబులెన్సు. ఈ మూడు ఎక్కాలవలె నోటికి రావలెను.

సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న జన్మించినది తిరుత్తణిలోనే. ఆ దినమే దేశమంతటికి ఉపాధ్యాయ దినోత్సవం. ఏటా ఆనాడు పూలమాలల అనంతరం ఒక్క గంట, గంట మ్రోగగానే బిడ్డలందరు వరుసగా మైదానానికి చేరే అభ్యాసం జరిపినచో, ఆ గురువునకు ఆయన పుట్టిన గడ్డపై అంతకు మించిన గౌరవం ఉండదు. పూర్వ విద్యార్థులు గోడలపై రెండు లిపులలో హెచ్చరికలు వ్రాయించినచో, 75 ఏండ్ల ఈ పాఠశాలకు అది నిలిచియుండే కానుక కాగలదు.